చెవి మిషన్ తీయని రోజు

అత్తగారి ఒళ్ళు తడిబట్టతో తుడిచేముందు చెవి మిషన్ తీసి కిటికీ గట్టు మీద పెట్టడం కోడలికి అలవాటు. అది తీసేస్తే ఆవిడకి ఉరుము కూడా వినబడదు. ఆ కాసేపే కోడలు నోరు తెరిచి దేవుడితో మాట్లాడుకునేది. ఆయన వింటాడో లేదో గానీ మాటకి అడ్డం రాడు, అదే పదివేలు.

ఆ పొద్దున ఆవిణ్ణి పక్కకి తిప్పేసరికి నడుము కలుక్కుమంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. "దేవుడా, ఇంక నావల్ల కాదు. ఈవిణ్ణి తీసుకుపో," అని పైకే అనేసింది. తుడవడం అయ్యాక మిషన్ కోసం చెయ్యి చాస్తే గట్టు ఖాళీగా ఉంది. మిషన్ అత్తగారి చెవిలోనే ఉంది.

సిగ్గుతో చితికిపోయింది. నీ ఓర్పుకి దణ్ణం పెట్టాలమ్మా అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటూంటే లోలోపల మురిసిపోయింది తనే కదా. నడుము నొప్పి అన్నప్పుడల్లా, ప్రార్థన చేసుకో, ఆయనే బలమిస్తాడు అని పేపరు దించకుండా చెప్పేవాడు మొగుడు. తల్లి మంచం దగ్గరికి మాత్రం రాడు. ఆడవాళ్ళ పనిట. ఆ మాటలు దేవుడే అన్నట్టు నమ్మి ఇన్నాళ్ళూ మోసింది. తీరా చూస్తే ఆ ఓర్పు కింద ఉన్నది ఇదీ.

కోడలు ఆవిడకి బట్టలు మార్చింది. తర్వాత అత్తగారు మెల్లిగా అంది. "నాకింకా బతకాలనే ఉందే. నేను దేవుణ్ణి అడిగేది వేరే. నా కొడుకు ఒక్కసారి వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాలని."

"మరి ఆ మాట మీ అబ్బాయితోనే అనొచ్చుగా అత్తయ్యా?"

"ఏ మొహం పెట్టుకుని అననూ? వాణ్ణి అలా పెంచింది నేనేగా."

కోడలు తడిబట్ట పిండుతూ ఆలోచనలో పడింది. ఒక మనిషి చావుని దేవుణ్ణి అడగడానికి రాని సిగ్గు, కాస్త చెయ్యి సాయం మొగుణ్ణి అడగడానికి వచ్చిందేమిటి? దేవుడు దారి చూపిస్తాడని అందరూ చెప్పారు గానీ, ఇంత సిగ్గుపెట్టి చూపిస్తాడని ఒక్కరూ చెప్పలేదు.

సాయంత్రం ముందు గదిలో ప్రార్థనకి ఇరుగుపొరుగు చేరారు. మొగుడు కళ్ళు మూసుకుని, నా భార్యకి మరింత బలం ఇవ్వు తండ్రీ అంటున్నాడు. ఆమె గుమ్మంలోకి వచ్చింది. సిగ్గుతో మొహం మండిపోతోంది.

"నాకు బలం వద్దండీ. మీరు లేచి రండి. అత్తయ్యని కుర్చీలోకి మార్చాలి. భుజాల దగ్గర మీరు పట్టుకోండి."

అందరూ కళ్ళు తెరిచారు. అతను లేవడానికి చాలాసేపే పట్టింది. ఆమె గుమ్మం వదల్లేదు. లోపల అత్తగారి చెవిలో మిషన్ ఉంది. ఈసారి కావాలనే ఉంచింది.