ఉత్త కడుపు మీద గోలి

సర్పి మానినంక నొప్పి పోవాలె గదా? నాకు పోలే. నా కొడుకు అంజన్ కొత్తగ సెల్‌ఫోన్ కొన్న యేడు, ఎండకాలంల నా కుడిపక్క సర్పి లేసింది. పొక్కులు ఎండినయ్ గని, మంట మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యని కిరాయిదారు లెక్క ఆడనే కూసున్నది. చీర కొంగు తాకినా పాణం పోయేది. నరాలు దెబ్బతిన్నయని చెప్పి దవాఖానల డాక్టరమ్మ గోలీలు రాసింది.

"బుచ్చమ్మా, ఇవి ఉత్త కడుపు మీద ఏసుకోవద్దు. తిన్నంకనే ఏసుకో. లేకపోతె తల తిరుగుతది, మత్తొస్తది" అని వేలు చూపిచ్చి మరీ చెప్పింది. నాకు వేలు చూపిచ్చెటోళ్లంటెనే మంట. అయినా గోలీలు తీస్కున్న.

కార్వాన్‌ల మాకు బర్రెల కొట్టం ఉన్నది. పాలు పిండుడు అంజన్ పని. పేడ తీసుడు, కుడితి పెట్టుడు నాది, కోడలు స్వరూపది. పిల్ల మంచిదే. ఆ ముందటి చలికాలంల దానికి నిలిచిన కడుపు పోయింది. గప్పటిసంది మాట తగ్గింది, ఎప్పుడు చూసినా ఏదో ఆలోచన చేసుకుంట ఉండేది. నేను మంటతోని మంచంల పడి ఉంటె దుప్పటి సదరనీకి వచ్చేది. "ముట్టకు! దూరం జరుగు!" అని ఒర్లేదాన్ని. నా గొంతు సంగతి మా గల్లీల ఎవ్వర్ని అడిగినా చెప్తరు, బర్రెలు కూడ చెవులు నిలబెడ్తయ్.

ఆషాఢం వచ్చేసరికి మా ఇద్దరి మధ్య మాటలే బందైనయ్. బోనాల ముందురోజు చూస్తె సంచిల చీరలు సదురుకుంటున్నది.

"ఏందే గది?" అన్న.

"బోనం అయినంక గుడిమల్కాపూర్ పోత, మా అమ్మోళ్లింటికి. ఇగ రాను."

ఎందుకే బిడ్డా అని అడగాలె గదా? "పో, నీ ఇష్టం" అన్న. నోరు కాదది, కత్తెర. ఆ రాత్రి కండ్లు మూస్తె ఒట్టు. పిల్ల పోతె ఇల్లెట్ల ఉంటదో అని ఒకటే రంది.

బోనం ఎత్తెటోళ్లు అమ్మకు చెల్లిచ్చెదాక ఏం తినొద్దు. గది మా ఇంటి కట్టు. "ఈ యేడు నేనెత్తుత" అన్నది స్వరూప. ఇల్లిడిచి పోయేదానికి నా ఇంటి బోనం ఎందుకని రోషమొచ్చింది నాకు. "నేనున్న" అన్న. చెయ్యి లేపి కుండ పట్టుకుంటె పక్కంత నిప్పులు పోసినట్టయింది. ఇగ ఆగలే, గోలి నోట్ల ఏసుకొని నీళ్లు తాగిన.

"అత్తమ్మా, ఒక్క అరటిపండన్న తిను. అమ్మ ఏమనుకోదు."

"నీ ఫికర్ నువ్వు చూస్కో."

గల్లీ మొదట్ల మంచిగనే నడిచిన. కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తున్నరు, డప్పులు కొడ్తున్నరు. జరసేపటికి డప్పులు ఏడనో బాయిల కొట్టినట్టు ఇనబడ్డయ్. కాళ్ల కింద రోడ్డు మెత్తగైంది, పాల నురుగు మీద నడుస్తున్న అనిపిచ్చింది. మా అత్త నా ముందల నడుస్తున్నది. ఆమె పోయి ఎన్నేండ్లాయెనో! ఆమె పక్కన మా పాత బర్రె లచ్చి, కొమ్ములకు పూలదండ కట్టుకొని నిమ్మళంగ పోతున్నది. "లచ్చీ" అని పిలిస్తె తిరిగి చూసింది. నవ్వింది కూడ, ఒట్టు. వానజల్లు పడ్డదో, ఎవరన్న నీళ్లు చల్లిన్రో, అంత తెల్లగ, సల్లగ ఉన్నది. మంట ఏడబోయిందో తెల్వది. మస్తు హాయి, గట్లనే లచ్చి ఎంబడి పోదామనిపిచ్చింది.

నేను ఊగుతున్న సంగతి నాకు తెల్వనే తెల్వదు. నెత్తి మీది బోనం జారుతుంటె స్వరూప అందుకున్నదంట. అదే దాని నెత్తిన పెట్టుకొని గుళ్లెకు పోయి అమ్మకు చెల్లిచ్చిందంట. నేను గుడి ముందల అరుగు మీద కూలబడి ఊగుతనే ఉన్న.

"బుచ్చమ్మ ఒంటి మీదికి అమ్మొచ్చింది!" అని లొల్లి లేసింది. మొఖాన పసుపు పూసిన్రు, చేతిల యాపాకు పెట్టిన్రు. గుడి పెద్ద మొగులయ్య చేతులు జోడిచ్చి, "తల్లీ, నీకేం గావాలె?" అన్నడు.

"ఆకలైతుంది" అన్న.

"అమ్మకు ఆకలైతుందంట!" అని నిమ్మకాయలు కోసిన్రు, కొబ్బరికాయలు కొట్టిన్రు. ఒక్కడన్న ఇంత బువ్వ పెడ్తె ఒట్టు!

గప్పుడు స్వరూప వచ్చి నా కాళ్ల కాడ కూసున్నది. లచ్చి, మా అత్త దూరం జరిగిన్రు. దాని మొఖం ఒక్కటే కనబడ్తున్నది.

"అమ్మా, ఒక్క మాట చెప్పు తల్లీ" అన్నది ఏడ్చుకుంట. "కడుపు నిలువనిదాని చెయ్యి అంత పాపపుదా? మా అత్త నన్నెందుకు ముట్టనియ్యది?"

నా మత్తంత దిగిపోయింది. ఓరి దేవుడా, ఇన్ని దినాలు ఈ పిల్ల గిదా అనుకున్నది! గిదే మోసుకొని నా పేడ తీసిందా, నా బట్టలు పిండిందా?

దాని చెయ్యి పట్టుకున్న. రెయిక మీద, నా కుడిపక్క, సరిగ్గ మంట ఉన్న కాడనే ఆనిచ్చి గట్టిగ అదిమిన. భగ్గుమన్నది. కండ్లల్ల నీళ్లు దుంకినయ్.

"గీడ కాలుతదే బిడ్డా. గందుకే ఒర్రిన. నీ చెయ్యికేం పాపం లేదు, నా పక్కల నిప్పున్నది. నేను అమ్మను గాదు, నీ అత్తను. ఉత్త కడుపు మీద గోలి ఏసుకున్న."

"అమ్మ గట్లనే మాట్లాడతది" అన్నడు మొగులయ్య, దండం పెట్టుకుంట.

స్వరూపకు మాత్రం సమజైంది. చెయ్యి ఎనుకకు గుంజుకోబోయింది, నొప్పైతదని. నేను ఇడువలే. డప్పులోళ్లు కూడ ఆపి చూస్తున్నరు.

జరసేపటికి అది కండ్లు తుడుసుకొని, బోనం కుండలకెల్లి బెల్లమన్నం ముద్ద చేసి నా నోటికాడికి తెచ్చింది.

"ముందు తిను. ఇంకోసారి తినకుంట గోలి ఏసుకో, అప్పుడు చెప్త నీ సంగతి. నేను ఇంట్ల ఉండంగ గిట్ల నడవది" అని వేలు చూపిచ్చింది నాకు.

నేను నోరు తెరిచిన.