తొమ్మిదో మెట్టు

పద్నాలుగు, పదిహేను, పదహారు. ఆండాలు రోకలి ఆపింది.

రోట్లో ఎండుమిరపకాయలు సగం నలిగి, గింజలు అంచులకు అంటుకున్నాయి. ముక్కుకు కట్టుకున్న కొంగు జారిపోకుండా భుజంతో నొక్కి పట్టి, రోకలిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది. అరికాళ్ల కింద బండ సన్నగా అదురుతోంది. ఆ అదురు కూడా ఒక్క ఊపిరి సేపు ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె కూడా మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఉప్పుగూడ స్టేషన్లో పొద్దున ఆరింటి బండి కూసింది. గల్లీలో పాలవాడి మోటారు సైకిలు ఆగింది. ఎదురింటి మేడ మీద ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. అందరికీ ఈ దెబ్బలు అలవాటే. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట, ఆండాలు కారమో పసుపో దంచుతుంది. గిర్నీలో పట్టిస్తే రుచి పోతుందని ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు పది పదిహేను ఇళ్లవాళ్లు ఉన్నారు. ఆమె దంచేది వాళ్ల కోసం కాదని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఆ ఇంటి కింద నలభై ఎనిమిది మెట్లున్నాయి.

ఆమె వాటిలో ఒక్కటి కూడా చూడలేదు. చూసిందల్లా వెనక గదిలో పొట్టు బస్తాల కింద ఉన్న ఇనుప మూతను. మిగతాదంతా పంతొమ్మిదేళ్లలో ఒక ముక్క, ఒక ముక్క చొప్పున విన్నది. దాన్ని అందరూ మహకమా అంటారు, శాఖ అని అర్థం, పూర్తి పేరేమిటో ఎవరూ చెప్పరు. ఏదో ఒక రోజు పైన బతుకు సాగదని, అప్పుడు కింద సాగాలని దాని ఏర్పాటు. అందుకే పైనుంచి గింజ దిగదు, కరెంటు తీగ దిగదు. గాలివాళ్లు తొమ్మిదో మెట్టు దగ్గర ఉంటారు, చేత్తో పంకా తిప్పి లోపలికి గాలి పంపుతారు. పదిహేడు దగ్గర బావి, నీళ్లవాళ్లు. ఇంకా కింద బర్రెలున్నాయట, వాటి పేడ గ్యాసుతోనే దీపాలు వెలుగుతాయట. ముప్ఫై దాటితే గింజలవాళ్లు. ఆ తరువాత ఎవరుంటారో చెప్పిన మనిషి లేడు. ఒక విభాగం మొహం ఇంకొక విభాగం చూడదు, కుండలు గోడ కంతలోంచి చేతులు మారతాయి. ఎంత లోతుకు దిగనిస్తే అంత పెద్ద హోదా. ఎప్పుడూ ఎండలోనే ఉండేవాళ్లు అందరికన్నా తక్కువ. వాళ్లకు మెట్టే లేదు, గడపవాళ్లు అంటారు.

ఆండాలు గడప మనిషి. ఇల్లు ఇల్లులా కనిపించేట్టు చూడటం, పంకా తిరిగే వేళకు ఆ చప్పుడును తన చప్పుడుతో కప్పడం ఆమె కొలువు.

జల్‌పల్లిలో ప్లాట్లు పడి, మేత పోయి, ఏడు బర్రెలూ ఒకదాని తరువాత ఒకటి కొట్టంలోంచి వెళ్లిపోయిన ఏడాది, ఆమె భర్త బాలనర్సింహ ధూల్‌పేట్‌లోని ఒక ఇంట్లోంచి కిందికి దిగాడు. అతను దిగేది ఒకచోట, ఆమె ఉండేది మరొకచోట అన్నది షరతు. ఒప్పుకున్నారు. ఇంకేం చేస్తారు? దిగే ముందు చెప్పులు విడిచి ఆమె చేతికిచ్చాడు. కింద చెప్పులుండవు, చప్పుడు కాకుండా గోనెగుడ్డతో కుట్టిన తొడుగులు వేసుకుంటారు. "జాగ్రత్త" అన్నాడు. తననా, చెప్పులనా అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది.

ఆ చెప్పులే ఇప్పుడు గడప దగ్గర ఉన్నాయి. ప్రతి గడప ఇంటి ముందూ మగవాళ్ల చెప్పులు ఉండి తీరాలి, వేళ్లు ఇంటివైపు తిరిగి ఉండాలి అని మహకమా నియమం. తోలు చెప్పులు. అతను కొంచెం ఒరిగి నడిచేవాడు, అందుకే ఎడమ చెప్పు బయటి అంచు అరిగిపోయి ఉంటుంది.

పదకొండేళ్ల కిందట ఒక పొద్దున ఆమె ఈ రోటి దగ్గరే నిలబడి ఉంది. అంతకుముందు రోజు దాకా ఎడతెగకుండా తిరిగే పంకా ఆ పొద్దున పదహారుకు ఒకసారి ఆగుతోంది. కొట్టంలో గడ్డి కోసే మిషన్ చక్రాన్ని బాలనర్సింహ అలాగే తిప్పేవాడు. పదహారు తిప్పి, "హా" అని ఊపిరి వదిలి, చెయ్యి మార్చుకునేవాడు. ఎదురుగా కూర్చుని జొన్నచొప్ప అందించేది తనే. ఆ రోజు తనకు మతి పోయిందనుకుంది. మర్నాడు పదహారు దంచి ఆగింది, కింద కూడా ఆగింది. ఆ తరువాతి రోజు కావాలని పదికే ఆగింది. అదురు పదికే ఆగిపోయింది. ఆండాలు రోటి అంచు మీద కూలబడి, కారం కళ్లల్లో పడ్డట్టు ఏడ్చింది, నవ్వింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తరువాత అర్థమైంది. గాలివాళ్ల రిజిస్టరు గడపవాళ్ల రిజిస్టరును చూడదు. మనుషులను విడివిడిగా ఉంచడంలో వాళ్లు ఎంత జాగ్రత్తపడ్డారంటే, కింది దారిలో ఒక మనిషిని తెచ్చి అతని భార్య కాళ్ల కిందే పెట్టారని వాళ్లకే తెలియలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు అతని వంతు. మిగతా రెండు వేళల్లో వేరే చేతులు. రోజుకు రెండు అరగంటలు ఆమె సంసారం.

*

ఎనిమిదింటికి సదాశివ వచ్చాడు. గల్లీకి అతను బీమా ఏజెంటు. నుదుట విభూతి, చంకలో ఫైలు, నెలకొకసారి మంగళవారం వస్తాడు. ఇవాళ చేతిలో బట్టల కవరు కూడా ఉంది.

"ఇయ్యాల మంగళారం కాదు గద సారు?"

"పని పడింది ఆండాలమ్మా. రెండింటి బండి పోయే టైముకు ఒక మనిషి పైకొస్తాడు. నీ ఇంట్లోంచే బయటికి పోతాడు."

ఆమె చాట కింద పెట్టింది. "పైకా?"

"జల్‌పల్లిలో కొత్తది తయారైంది. మధ్యల అంతా బండ, కిందినుంచి దారి పడలేదు. గాలివాళ్లలో ఒకరిని పంపిస్తున్నరు. ముప్ఫై మూడో మెట్టు ఇస్తున్నరు, తెలుసా? తొమ్మిది నుంచి ఒకేసారి ముప్ఫై మూడు! నన్ను చూడు, ఇరవై ఏండ్లు అరిగితే పన్నెండు దాకా వచ్చిన."

"గాలోళ్లు ముగ్గురు గద. ఎవరు సారు?"

"గడపవాళ్లకు పేర్లెందుకమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నాడు.

"గంత లోతుల గాలెట్ల ఆడుతది?"

"అక్కడ అన్నీ మిషన్లే. చేతిపని లేదు. చప్పుడనేదే ఉండదు. పైన రోకలి కూడా అక్కర్లేదు."

ఆండాలు రోటి వైపు చూసింది. సదాశివ లేచి ఇల్లంతా ఒకసారి తిరిగాడు. రోటికి ఎదురుగోడకు స్టీలు పళ్లాల స్టాండు ఉంది. దాని దగ్గర ఆగి, వంగి, తన మొహం చూసుకున్నాడు.

"దీనిమీద దుప్పటి కప్పు. మనిషి పోతున్నప్పుడు నువ్వు గోడవైపు తిరిగి దంచుతుండాలె. మెరిసేదేదీ ముందట ఉండొద్దు."

"తిరిగి చూస్తె?"

"చూస్తె ఇద్దరికీ మెట్టు పోతది. నీకు మెట్టే లేదు, పోయేది లేదు. అతను మాత్రం పైనా ఉండడు, కిందా ఉండడు." అతను ఫైలు చంకలో సర్దుకున్నాడు. "అట్లాంటివాళ్లు యాడుంటరో నాకు తెలవదు. తెలుసుకునే ఫికర్ కూడా నేను పెట్టుకోలే."

*

పదింటికి కింద తొందర చెయ్యి తిప్పింది. అది ఎప్పుడూ తొందరే, బస్సు తప్పిపోతుందన్నట్టు తిప్పుతుంది. అంటే పోయేది ఆ తొందర మనిషి కాకపోవచ్చు. ఇంకొకతనిది బద్ధకపు చెయ్యి, సాయంత్రం అయిదింటికి వస్తుంది. ఒంటిగంటకు ఏ చెయ్యి వస్తుందో చూస్తే తెలిసిపోతుంది.

పన్నెండున్నరకు పక్కింటి తనూజ పసుపుకొమ్ముల డబ్బాతో వచ్చింది. రాగానే గడప దగ్గరే చతికిలబడింది.

"ఆండాలత్తా, మా ఆయన ఏమంటుండో తెలుసా? ఇంట్ల గడియారం పాడైతే బాగు చేపిచ్చుడెందుకు, అత్త రోకలి ఉన్నది గదా అంటుండు."

"అను అను. పసుపు ఎవరింటికి గావాలె?"

"నాకే. మా ఆడబిడ్డ బిడ్డకు నలుగు పెట్టేదున్నది." తనూజ చెప్పుల వైపు చూసి నవ్వింది. "మామ షోలాపూర్ల ఏం కొలువు చేస్తుండో గని, ఒక్క పండుగకు రాడు. చెప్పులు నయం. గవన్నా నిన్ను ఇడిసిపెట్టి పోలే."

షోలాపూర్ కొలువు గల్లీకి తను చెప్పుకున్న మాటే. ఆండాలు కూడా నవ్వింది. "చెప్పులు ఇడిసి పోయిండంటె మల్ల వస్తడనే గద పిల్లా."

"ఔ, వస్తడు, వస్తడు. అప్పటికి నా బిడ్డకు పెండ్లయితది." తనూజ లేచి చీర దులుపుకుని, ఆమె మొహం చూసి ఆగింది. "ఏంది అత్తా, పానం బాగలేదా? మిరపకాయలు మస్తు దంచినవ్ పొద్దుగాల. కండ్లు చూడు, ఎట్లయినయో."

"ఏంలే. నువ్ పో. సాయంత్రానికి పసుపు అందుతది."

ఆమె వెళ్లాక ఆండాలు పసుపుకొమ్ములు రోట్లో పోసి, రోకలి పట్టుకుని నిలబడింది. కాళ్లు కడుక్కుంది, అరికాలికీ బండకూ మధ్య దుమ్ము కూడా అడ్డు ఉండకూడదన్నట్టు. ఒంటిగంట అయింది. బండ అదిరింది.

ఒకటి, రెండు. ఆమె లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, పదహారు.

ఆగలేదు. పదిహేడు, పద్దెనిమిది. ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. నింపాదిగా, ఈడ్చుకుంటూ, బద్ధకపు చెయ్యి తిప్పుతోంది. అతని వేళలో వేరొకరు తిప్పుతున్నారు.

ఆండాలు పదహారుకు ఆగింది. కింద ఆగలేదు. మళ్లీ పదహారు దంచి ఆగింది. ఆ అరగంటా అలాగే దంచింది, ఎవరూ ఆగని చోట ఒక్కతే ఆగుతూ.

తరువాత అన్నం వండిన గిన్నె మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది. తొమ్మిది మెట్ల కింద ఉన్న మనిషి ఇంకొంతసేపట్లో తన వెనక నుంచి, రోకలి పొడవంత దూరంలోంచి నడుస్తాడు. ఆ తరువాత ముప్ఫై మూడు మెట్ల కిందికి, మిషన్ల మధ్యకు, చప్పుడు లేని చోటికి పోతాడు. మొహం చూడాలంటే మెడ తిప్పితే చాలు. ఇంత తేలికైన పని పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఎదురుపడలేదు. గడ్డం నెరిసి ఉంటుందా? ఎండ తగలక తెల్లబడి ఉంటాడా? నుదుటికి రెండు వైపులా జుట్టు పలచబడి ఉంటుందా, వాళ్ల నాయనలాగా?

ఆమె గడప దగ్గరికి వెళ్లి కూర్చుంది. కొంగుతో చెప్పులు తుడిచింది. అరిగిన అంచును బొటనవేలితో ఒకసారి రాసింది. తరువాత వాటిని తిప్పి పెట్టింది, వేళ్లు గల్లీవైపు ఉండేట్టు. పనిమీద బయలుదేరే ఇంటి మనిషికి అలా తిప్పి పెట్టడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. ఈ ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

రెండు కావస్తుండగా సదాశివ వచ్చాడు. బట్టలు, కవరులోనే ఉన్న కొత్త రబ్బరు చెప్పులు వెనక గదిలో పెట్టి, బస్తాలు జరిపి, మూత మీద మూడుసార్లు తట్టాడు. దుప్పటి కప్పిన పళ్లాల వైపు చూసి తలాడించాడు.

"ఇగ మొదలుపెట్టు. నేను గల్లీ చివర ఆటోల ఉంటా. అతను వచ్చి ఎక్కుతడు. తలుపు చప్పుడు అయినంక వంద లెక్కపెట్టి అప్పుడు తిరుగు." గడప దాటుతూ చెప్పుల వైపు చూశాడు. చూసినా ఏదీ గమనించలేదు.

ఆండాలు గోడవైపు తిరిగి నిలబడింది. గోడకు పాత సున్నం. దానిలో ఒక పగులు, చీమల బారు. రోకలి ఎత్తింది.

ఇనుప మూత కీచుమంది. బట్టల గరగర. చాలాసేపు ఏమీ లేదు. తరువాత గోనె అడుగులు, ఒకటి బరువుగా, ఒకటి ఒరిగి. అవి వెనక గది దాటాయి. వంటింటి గుమ్మం దాటాయి. తడి మట్టి వాసన, పేడ వాసన, వాటి కింద ఆమెకు తెలిసిన ఇంకొక వాసన.

పదకొండు, పన్నెండు. ఆమె మెడ నరాలు తాళ్లలా బిగిశాయి. అడుగులు ఆమె వెనకే ఉన్నాయి. పదమూడు. పసుపు ధూళి చెమటలో కలిసి చెంపల మీద జారుతోంది. పద్నాలుగు. పదిహేను.

పదహారు. ఆమె ఆగింది.

అడుగులు కూడా ఆగాయి.

రోకలి గాలిలోనే ఉంది. ఇంతసేపు ఆమె ఎప్పుడూ ఆపలేదు. ఒక ఊపిరి సేపు, రెండు ఊపిర్ల సేపు. గోడ మీద చీమలు నడుస్తున్నాయి. స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. ఆమె రోకలిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని దించింది. ఒకటి.

అడుగులు కదిలాయి. గడప దగ్గర కొంచెం తచ్చాడాయి. తలుపు మూసుకుంది.

ఆమె వంద లెక్కపెట్టలేదు. పదహార్లే లెక్కపెట్టింది, ఎన్ని పదహార్లో తెలియదు. పసుపు మెత్తగా, వేలికి అంటేంత మెత్తగా అయిపోయింది. అప్పుడు తిరిగింది. వెనక గదిలో రబ్బరు చెప్పులు కవరు విప్పకుండానే ఉన్నాయి. ఇల్లంతా దాటి గడప దగ్గరికి వచ్చింది.

తోలు చెప్పులు లేవు. వాటి చోట, వేళ్లు ఇంటివైపు తిప్పి పక్కపక్కనే పెట్టిన గోనె తొడుగులు ఉన్నాయి, ఎడమదాని బయటి అంచు పూర్తిగా అరిగిపోయి.