నాలుగో మూల

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. తబిత చేతులు కొంగుకు తుడుచుకుని, బియ్యం డబ్బాకు ఆనించిన ట్యాబ్ మీద వేలు పెట్టింది. బెంగళూరులోని ఒక బట్టల మ్యూజియం వాళ్లు గురువారం గురువారం సాయంత్రం ఐదింటికి తెలుగులో ప్రసంగం పెడుతున్నారు. మొత్తం ఆరు. ఉచితం, పైగా ఇంటి నుంచే హాజరు కావచ్చు.

ప్రసంగం ఉచితమే, కాకపోతే తబితకు ఆ ఇంట్లో ఉచితాసనం లేదు. స్టవ్వు పక్కన నిలబడి, ఒక కన్ను పాతకాలపు నేత మీద, ఇంకో కన్ను పోపు మీద వేసి వినాలి. ఇంటి నుంచే అని రాసిన మహానుభావుడికి ఇల్లంటే ఏమిటో తెలియదని ఆమె గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్న ఆడది ఎక్కడికని హాజరవుతుంది, ఇల్లే పది నిమిషాలకోసారి ఆమె హాజరు తీసుకుంటూ ఉంటే? మంచం మీంచి అత్త మేరమ్మ అడుగుతుంది, "గంటసేపు చూస్తివి గదనే, గిదేం కూర?" ఫోన్లలో ఆడవాళ్లు చూసేది వంటలేనని ఆవిడ లెక్క. నిజానికి నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇంటి నుంచి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం నడిచిపోయేంత దూరమే. ఇరవై నాలుగేళ్ల కాపురంలో అటు చూపు పోయింది గానీ కాలు పోలేదు.

బడిలోనూ అంతే. అబిడ్స్‌లోని ఒక హైస్కూల్లో ఆమె కుట్టుపని టీచరు. పరీక్షలు దగ్గర పడగానే కుట్టు పీరియడ్ మీద లెక్కల సారు కుట్ర మొదలవుతుంది. "మీదేముంది మేడం, సూదే గదా," అంటాడు నవ్వుతూ, గుచ్చినట్టు కూడా తెలియకుండా.

అందుకే ఆ గురువారాలు ఆమెకు అంత ముద్దు. అక్కడ ఆమె ప్రశ్నలు అడిగింది. ఈ అంచు ఎటు నుంచి మొదలుపెట్టారు, ఈ ముడి ఎడమచేతి వాటం మనిషిదా అని టైపు చేసింది. ప్రసంగం నడిపే మృదుల మేడం ప్రతిసారీ మురిసిపోయి, "చాలా మంచి ప్రశ్న, ప్రభుదాస్ గారూ," అనేది.

ప్రభుదాస్ తబిత భర్త. కరోనా రోజుల్లో చర్చి ప్రార్థనల కోసం ట్యాబ్ కొని, అందులో 'ప్రభుదాస్ అండ్ ఫ్యామిలీ' అని పేరు పెట్టాడు. ఒకసారి తబిత మార్చబోతే, మార్చకు, పాస్టర్ గారు గుర్తుపట్టరు అన్నాడు. దాంతో అంత పెద్ద పేరులో ఆమె వాటాకు 'అండ్' ఒక్కటే మిగిలింది.

ట్యాబ్‌లో ఉన్న నంబరూ ఆయనదే కాబట్టి, నాలుగో వారం ప్రభుదాస్ ఫోన్‌కు మృదుల మెసేజ్ వచ్చింది. మీ ప్రశ్నలు మాకెంతో నచ్చాయి, ఆఖరి రోజు మీ ఇంట్లోని ఒక అల్లిక గురించి ఐదు నిమిషాలు మాట్లాడతారా అని. అన్నం తింటూ చదివి మొదట నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు.

"పేరైతే నాదున్నది. నడుమ నువ్వు పోయి కూసుంటే గడబిడ అయితది. నువ్వు రాసియ్యి, నేను చదువుత. నీకు నలుగుట్ల మాట్లాడుడు అలవాటు లేదాయె."

రోజూ నలభై ఐదుగురు ఆడపిల్లల ముందు గొంతు చించుకునే మనిషి ఆ మాట విని, ఆయన కంచంలో మజ్జిగ పోసింది. మర్నాటికల్లా ఆయన ఆఖరి రోజు ప్రసంగం లింకు చర్చి గ్రూపులో అందరికీ పంచేశాడు.

ఏ అల్లికో తబిత ఆలోచించనక్కర్లేదు. మెదక్ మిషన్ హాస్టల్లో వంట చేస్తూ అమ్మ క్రోషియాతో అల్లిన తెల్లటి బల్లగుడ్డ. ఒకసారి ప్రభుదాస్ దాంతో స్కూటర్ తుడిచి, పాత గుడ్డనే గదా అన్నాడు. ఆ గ్రీజు వదలడానికి మూడు ఉతుకులు పట్టాయి.

రెండు కాగితాలు రాసింది. రెండోది నాలుగో మూల గురించి. మూడు మూలలయ్యేసరికి దారం అయిపోతే, ఇక ఇవ్వనందట వార్డెన్. అమ్మ ఖాళీ పిండి సంచుల మూతికుట్లు విప్పి, ఆ దారం ఉతికి, ముక్కకు ముక్క ముడేసి మిగతాది అల్లింది. అందుకే ఆ మూల గోధుమరంగు. అమ్మ పేరు కూడా ఆ కాగితంలోనే ఉంది. దాన్ని తబిత మడిచి పాటల పుస్తకంలో పెట్టేసింది. మూడు మూలలు మొగుడికిచ్చింది. నాలుగోది ఇవ్వబుద్ధి కాలేదు.

ఆఖరి గురువారం ప్రభుదాస్ క్రిస్మస్ కోటు వేసి, బల్ల ముందు మంచి కుర్చీలో కూర్చున్నాడు. "నేను మాట్లాడేటప్పుడు కుక్కర్ పెట్టకు," అన్నాడు. ఐదు వారాలు విజిళ్ల సందున ప్రసంగాలు ఏరుకున్న తబితకు, ఈ ఇంట్లో కుక్కర్ ఆపవచ్చని ఆరో వారం తెలిసింది.

ఆయన గంభీరంగా చదివాడు. 'మా అమ్మ మెదక్ హాస్టల్లో' అని తబిత రాసింది రాసినట్టే.

"నేనెప్పుడు అల్లిన్రా?" అంది మంచం మీంచి మేరమ్మ.

అయినా మృదుల మెచ్చుకుంది. గుడ్డ దగ్గరగా చూపించమంది. "ఆ నాలుగో మూల రంగు వేరుగా ఉంది, ఎందుకండీ?"

ప్రభుదాస్ కాగితం తిప్పి చూశాడు. వెనక ఖాళీ. మైకు మూస్తున్నాననుకుని కెమెరా మీద అరచెయ్యి అడ్డం పెట్టి, వంటింటి వైపు తిరిగాడు. "తబితా, గీ మూల సంగతేంది? జర వచ్చి నా చెవుల చెప్పు."

మ్యూజియమూ చర్చీ కలిసి విన్నాయి.

తబిత వచ్చింది. కోటు కాలరు పైన ఆ చెవి ఆమె వైపు వంగి, సిద్ధంగా ఉంది. చర్చి కమిటీ రిపోర్టులు, పుట్టినరోజు ప్రసంగాలు, అధికారులకు అర్జీలు, ఎన్ని పోసింది అందులో. అన్నీ ఆయన నోట్లోంచి ఆయన మాటలై వచ్చాయి.

"జర లెవ్వున్రి," అంది.

"ఏంది?"

"కుర్చీల కెల్లి లెవ్వున్రి."

లేచాడు. లేచాక గానీ కోటు కింద లుంగీ ఉందని ఆయనకు గుర్తురాలేదు.

తబిత కూర్చుంది. మీరెవరండీ అని మృదుల అడుగుతూనే ఉంది. తబిత తెర మీది పేరు నొక్కి, పిల్లలకు తప్పు కుట్టు విప్పడం నేర్పినట్టే, చివరి నుంచి విప్పుకుంటూ వచ్చింది. ముందు ఫ్యామిలీ, తర్వాత అండ్, ఆ తర్వాత ప్రభుదాస్. ఖాళీ అయిన చోట మూడక్షరాలు పెట్టింది.

"ఐదు వారాల సంది ప్రశ్నలడిగింది నేనే మేడం," అంది, గోధుమరంగు మూలను వేళ్ల మధ్య పట్టుకుని. "మూల సంగతి చెప్త. ముందుగాల మా అమ్మ పేరు రాసుకోన్రి. జిప్పోరా."