మోగని దెబ్బ

నేనూ మా మరిదీ కలిసి చేసిన పాప్ ఆల్బమ్ అట్ట మీద అతని ఫొటో అరచెయ్యంత వేశారు. వెనక్కి తిప్పి చూశాను. స్వరాలు, లయ అన్న రెండు చోట్లా అతని పేరే. నా పేరు కోసం కళ్లద్దాలు పెట్టుకుని మరీ వెతికాను. ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది.

మరిదంటే మా చెల్లెలి మొగుడు. కీబోర్డ్ వాయిస్తాడు. ఒక్కో పాటకు నాలుగే స్వరాలు, వాటినే తిప్పి తిప్పి వాయించడం అతని పద్ధతి. నిజం చెప్పాలంటే బాగానే ఉంటుంది. కానీ వాటికి నడక వచ్చింది నా డ్రమ్ముతోనే. ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన దగ్గర పదకొండేళ్లు కూర్చుని నేర్చుకున్న విద్య అది. మా వంటగది పక్క గదిలో, కిటికీలకు పరుపులు అడ్డం పెట్టుకుని, రెండేళ్లలో ఏడు పాటలు కట్టాం.

అడిగితే అచ్చుతప్పు అన్నాడు. చెల్లెలు ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ల మధ్య పేర్లేమిటక్కా అంది. ఆవిష్కరణ సభలో వెనక కూర్చుని వాయిస్తే చాలట. సరే అన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే వాళ్లకు అనుమానం రావాల్సింది.

మొదటి పాట తాళానికి పన్నెండు దెబ్బలు. అందులో ఒకటోది మోగదు, అక్కడ చేయి ఆగుతుంది. కీబోర్డ్ అందుకోవాల్సింది సరిగ్గా ఆ ఖాళీలోనే. ఆ లెక్క మరిది ఏనాడూ నేర్చుకోలేదు. నేను గడ్డం ఎత్తితే మొదలుపెట్టేవాడు, రెండేళ్లూ అంతే.

సభలో నేను ఒక్క దెబ్బ కూడా తప్పు వాయించలేదు. గడ్డం మాత్రం ఎత్తలేదు. మరిది చేతులు గాల్లో నిలబడిపోయాయి. ఒకసారి అందుకోబోయి, తప్పులో కాలేసి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. జనం ఇదీ ప్రయోగమే అనుకుని చప్పట్లు కొట్టారు. మూడు నిమిషాలకు ఆ చప్పట్లూ ఆగిపోయాయి. ముందు వరసలో చెల్లెలి ముఖం పాలిపోయింది. నాకు జాలి వేయలేదు. హాయిగా అనిపించింది.

చివరికి నా వైపు వంగాడు.

"వదినా, ఎక్కడ అందుకోవాలి?"

మైకు ఆ మాటను హాలంతటికీ వినిపించింది.

"ఈ లయ ఎవరు కట్టారో ముందు వీళ్లకు చెప్పు," అన్నాను, చేయి ఆపకుండా.

చెప్పాడు. ఏడు పాటలకూ లయ మా వదినదే అని మైకులోనే, తల వంచుకుని చెప్పాడు. హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. ఇక మొదలుపెట్టవచ్చు కదా అన్నట్టు, చెమట కారుతున్న ముఖంతో నా గడ్డం వైపే చూస్తూ నిలబడ్డాడు.

నేను డ్రమ్ము మీద నుంచి తల ఎత్తకుండా వాయిస్తూనే ఉన్నాను.