బంక కారని ముద్ర

సాన్ మెల్కోర్ ఊరి బడిలో అడవి పాఠం గదిలో చెప్పరు. మూడో తరగతికి వచ్చిన ప్రతి పిల్లా కొండెక్కాల్సిందే. ఏ పైన్ చెట్టు కొట్టాలో, విత్తనం రాలడానికి ఏది తల్లిచెట్టుగా వదలాలో, కొట్టొచ్చని అటవీశాఖ వేసే సుత్తి ముద్ర చెట్టు మొదలు మీద ఎక్కడ పడాలో అక్కడే చూపిస్తారు. ఆ బుధవారం టీచరు ఫిదెన్సియా పిల్లల్ని మొద్దుల మధ్య నిలబెట్టింది.

"ముద్ర వేసేప్పుడు చెట్టు బతికుంటుంది. బెరడు చెక్కి సుత్తితో కొడితే బంక కారుతుంది. కారి గట్టిపడుతుంది. వేలితో తడిమి చూడండి."

పిల్లలు తడిమారు. ఎవెలియా అనే పిల్ల పక్క మొద్దు దగ్గర కూర్చుంది.

"టీచరమ్మా, దీనికి కారలేదు."

ఆ మొద్దు ఫిదెన్సియాకి తెలుసు. నిరుడు ఆ చెట్టు కిందే ఆమె అన్న టిబుర్సియో చచ్చిపోయాడు. అతను ఊరి అడవికి కాపలాదారు. ముద్ర పడ్డ చెట్టు, చట్టప్రకారం కొడుతుంటే అడ్డొచ్చాడు అని అటవీశాఖ ఇంజనీరు రాశాడు. మొద్దు మీద ముద్ర ఉంది కాబట్టి ఊరు నమ్మింది. శవం దగ్గర ఆ ఇంజనీరుకి ఫిదెన్సియా తన చేత్తో కాఫీ ఇచ్చింది.

ఆమె ముద్రలో బొటనవేలు పెట్టింది. ఉత్త చెక్క.

"చచ్చిన చెట్టుకి ముద్ర వేస్తే?" అంది.

"కారదు!" అన్నారందరూ.

"అంటే ముందు కొట్టేసి తర్వాత వేశారు," అంది ఎవెలియా. "ఇది తల్లిచెట్టు కూడా టీచరమ్మా. చుట్టూ మొలకలు చూడు."

మధ్యాహ్నం పంచాయతీ గంట మోగింది. ఊరంతా వచ్చింది. పెద్ద అబుందియో కోర్టుకి పోదామన్నాడు.

"నిరుడు పోలా? అక్కడ చదివింది ఆ ఇంజనీరుగాడి కాగితమేగా!" అని ఆడవాళ్లు అరిచారు.

వెనక నుంచి క్రిసాంతో లేచాడు. కాంట్రాక్టరు బల్దొమేరో దగ్గర ఇరవై ఏళ్లుగా చెట్లు కోస్తున్నాడు.

"ఆ చెట్టు కోసింది నేనే," అన్నాడు. "ముద్ర అవతల పక్కనుందన్నాడు దొర. నేను చూడలా. సగం కోశాక టిబుర్సియో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. 'కొయ్యి, వాడే తప్పుకుంటాడు' అన్నాడు దొర. కోశా."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు అబుందియో.

"వాడు పెట్టిన కూడు."

ఎవరో అతని మీదికి పోయారు. ఫిదెన్సియా అడ్డం నిలబడింది. అన్నని చంపిన చేతుల్ని కాసేపు చూసింది.

"మావా, నాకోసం ఇంకో చెట్టు కొయ్యాలి," అంది.

మర్నాడు పొద్దున బల్దొమేరో లారీలు వేసుకుని వచ్చాడు. ఇంజనీరు పక్కనే ఉన్నాడు. కనుమ దగ్గర నాలుగు వందల మంది నిలబడి ఉన్నారు. డ్రైవర్లు దిగి దూరంగా పోయారు. ఆడవాళ్లు ఇంజనీరు సంచిలోంచి సుత్తి తీసి అతని చేతికే ఇచ్చారు. రోడ్డు పక్క పైన్ చూపించారు. పురుగు పట్టిన చెట్టు, ఎలాగూ కొట్టాల్సిందే.

"నీ చేత్తోనే వెయ్యి. బతికుండగా."

వేశాడు. బంక కారేదాకా ఊరు ఆగింది. తర్వాత క్రిసాంతో రంపం పెట్టాడు. చెట్టు ఎటు పడుతుందో బల్దొమేరోకి అర్థమయ్యింది.

"ఒరేయ్, నా కొత్త లారీరా!"

"తప్పుకోమని చెప్పండి దొరా," అన్నాడు క్రిసాంతో. "అదే తప్పుకుంటుంది."

జనం నవ్వారు. ఫిదెన్సియా నవ్వలేదు. చెట్టు లారీ క్యాబిన్‌ని నేలకి అణిచేసి, రోడ్డుకి అడ్డంగా పడింది.

సాయంత్రంలోపు బల్దొమేరో పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. చెట్టు అవతలే జీపు ఆగింది. ఫిదెన్సియాకి బేడీలు వేసి మాను దాటించారు. వెనక ఊరు కూడా మాను దాటింది, గొడ్డళ్లతో సహా. జీపు ముందు నిలబడ్డ ఆడవాళ్లు కదల్లేదు. సార్జెంటు తుపాకుల వంక చూశాడు, గొడ్డళ్ల వంక చూశాడు, ఆమెని కిందికి నడిపించుకునే పోదామన్నాడు.

"పిల్లల్నైనా ఇంటికి పంపవమ్మా."

"పాఠం సగంలో ఉంది సారూ," అంది ఫిదెన్సియా.

కొండ దిగే రోడ్డు పొడుగునా మొద్దులే. ఎవెలియా మొదటి దాని దగ్గర ఆగి ముద్రలో వేలు పెట్టింది.

"కారలేదు!"

తర్వాత దాని దగ్గర ఇంకో పిల్ల. "దీనికీ కారలేదు!"

మూడో దానికి పెద్దవాళ్ల గొంతులూ కలిశాయి. బల్దొమేరో పోలీసుల మధ్యలోకి జరిగాడు. ఆ రోడ్డు చివర అతని కోతమిల్లు ఉంది. దాని గేటు పైన్ చెక్కది. ముద్ర పడ్డదాన్ని కొట్టడం చట్టప్రకారమే. ఇంజనీరు సుత్తి ఇప్పుడు క్రిసాంతో నడుముకి ఉంది.