పట్టీ కింద బటన్

నేను ఒక బటన్‌ను. చొక్కాకు కుట్టేది కాదు, వెబ్ పేజీలో నొక్కేది. నిజామాబాద్‌లోని ఒక చిన్న కార్యాలయంలో సుచరిత నన్ను తయారుచేసింది. మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చే రైతులు నన్ను నొక్కితే అమ్మకపు రోజు ఖాయమవుతుంది. రోజు ఖాయం కాని బండిని గేటు దాటనివ్వరు.

సుచరిత నాకు ఆకుపచ్చ రంగు వేసి, అంచులు గుండ్రంగా మలిచింది. కానీ ఒకే ఆజ్ఞను ఒక్కో బ్రౌజర్ ఒక్కో విధంగా అర్థం చేసుకుంటుంది. ఒకదానిలో గుండ్రంగా ఉన్న నేను మరొకదానిలో పలకలా తేలాను. ఇంకొకదానిలో నా మీది అక్షరాల ఒత్తులు తెగిపోయాయి. వాటిని దారికి తెచ్చేసరికి ఆమె ఓపిక నశించింది.

"యార్డులో ఉన్నది పాత కంప్యూటర్ సార్. అక్కడ ఒకసారి చూసి పేజీని జనంలోకి వదులుదాం," అన్నది యజమాని మురహరితో.

"రేపటి సంది మూఢం బిడ్డా. ఇయ్యాల్నే వదలాలె. నీ దాంట్ల మంచిగనే కనవడ్తుంది గద," అని ఆయన కంప్యూటర్ పక్కన నిమ్మకాయ పెట్టాడు.

శుక్రుడు సూర్యుడి వెలుగులో కనబడకుండా పోవడానికీ, నేను తెర మీద కనబడటానికీ ఉన్న సంబంధమేమిటో ఆయన వివరించలేదు.

యార్డులోని పాత బ్రౌజర్ నన్ను పేజీ అడుగున ఉన్న నల్లని పట్టీ కిందికి నెట్టేసింది. మర్నాడు లస్మవ్వ అనే రైతు వచ్చి కూర్చుంది. ఆమె పసుపంతా వాకిట్లో ఆరబోసి ఉంది, ఆకాశంలో మబ్బులున్నాయి. యార్డు కంప్యూటర్ ఆపరేటర్ ఆమె వివరాలు నింపి, పేజీని పైకీ కిందికీ లాగాడు. నేను అక్కడే ఉన్నాను. పిలవడానికి నాకు నోరు లేదు.

"బటన్ కనవడ్తలేదవ్వా."

"అందరికి కనవడ్డది నాకెందుకు కనవడదు బిడ్డా? పెద్ద ఫోన్లున్నోల్లంత పొద్దుగాల్నే రోజులు వట్టుకున్నరు."

అతడు సుచరితకు ఫోన్ చేశాడు. "నా దగ్గర బాగనే కనిపిస్తున్నదే," అని, మరుక్షణమే నాలుక కరచుకొని, ఆమె స్కూటీ మీద యార్డుకు వచ్చింది. ఆ తెర ముందే కూర్చుని నా గుండ్రని అంచులనూ, నీడనూ, కొత్త తరహా అమరికనూ, విసుగులో రంగును కూడా తీసేసింది. ఏ బ్రౌజరూ అపార్థం చేసుకోలేని బూడిదరంగు పెట్టెనై పేజీ నడుమ తేలాను.

అప్పటికి ఖాళీగా మిగిలింది అమ్మకాల ఆఖరి రోజొక్కటే. ఆపరేటర్ నన్ను నొక్కి దాన్ని లస్మవ్వకు ఖాయం చేశాడు.

"గప్పటిదాంక వాన రాకుంటే బతికినట్టే," అంటూ లస్మవ్వ లేచింది.

నా ఆకుపచ్చ రంగును సుచరిత పూర్తిగా చెరిపేయలేదు; అదిప్పుడు కోడ్‌లో, బ్రౌజర్లు చదవకుండా దాటిపోయే ఒక మూలన ఉంది.

సాయంత్రం సుచరిత జరిగినదంతా చెప్పింది. మురహరి శ్రద్ధగా విన్నాడు. "ఎట్లనన్న పనైతే అయింది గద," అని, వాడిన నిమ్మకాయ తీసి, తాజాది పెట్టాడు.