తూర్పు లేని స్థలం

నేను ఒక స్థలాన్ని. నా మీద ఇంతవరకూ ఎవరి కాలూ పడలేదు. నాకు మట్టి లేదు, గడ్డి మొలవదు, వాన కురిస్తే తడవను. వైభవపురి అనే నగరంలో ఉన్నానంటారు. ఆ నగరం ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ తప్ప ఇంకెక్కడా లేదు.

మీ స్థలాలు ముందు ఉంటాయి, తరవాత ఎవరో కొంటారు. మేము అలా కాదు. ఎవరైనా క్రిప్టో నాణేలు చెల్లిస్తేనే పుడతాం. టంకశాలలో నాణెం కొట్టినట్టు మమ్మల్ని మింట్ చేస్తారు. పుట్టేదాకా మా ఆకారమేమిటో, ఏ వీధిలో పడతామో ఎవరికీ తెలియదు. నచ్చకపోయినా చెల్లించింది వెనక్కి రాదు.

నన్ను పుట్టించినవాడు గుంటూరు సుదర్శనం. స్థలాల మధ్యవర్తి. ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో, హద్దురాళ్ళ మధ్య నిలబడి ఇక్కడ బస్టాండు వస్తుంది, అక్కడ కాలేజీ వస్తుందని ఎందరికో లేని ఊళ్ళు చూపించాడు. ఆ బేరాలు పడిపోయాక ఇంటిని నిలబెట్టింది భార్య హైమావతి. అద్దె ఇంటి వరండాలో కర్రీ పాయింటు పెట్టింది. ఆ సందులో వండుకునే ఓపిక లేని పెద్దవాళ్ళూ, ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళూ ఆమె గోంగూర పప్పు కోసం గిన్నెలు పట్టుకుని వచ్చేవారు.

ఇంటావిడ శేషారత్నమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టింది. బయటివాళ్ళు కొంటే పొయ్యి తీయించేస్తారని ఆమెకూ తెలుసు. అందుకే కార్తీకం వెళ్ళేలోగా సొమ్ము కూర్చుకోండి, మీకే రాసిస్తానంది. హైమావతి ముందు కొంత బయానా ఇచ్చింది, చీటీ పాడింది, గాజులు అమ్మింది. అయినా కొంత తక్కువైంది. ఉన్న సొమ్మంతా మొగుడి చేతికిచ్చి, ఆ కాస్తా మీరు ఎక్కడైనా సర్దండి అంది.

ఆ కాస్తే సుదర్శనాన్ని తినేసింది. పెళ్ళాం కొంటున్న ఇంట్లో తన రూపాయి ఒక్కటీ లేదని ఎవరూ అనలేదు. అన్నట్టు అతనికే వినబడింది. వైభవపురి స్థలాలు వారం తిరక్కుండా మూడింతలవుతున్నాయని ఫోనులో ఒక గ్రూపువాళ్ళు ఊదరగొడుతున్నారు. ఒక్క మంచి స్థలం పట్టి అమ్మేస్తే చాలనుకున్నాడు. సొమ్మంతా క్రిప్టోగా మార్చి ఫోనులోని వాలెట్ అనే డబ్బుసంచీలో వేశాడు.

మింట్ చేయడం తనకు రాదు కాబట్టి, చెప్పిన పని ఫోనులోనే చేసిపెట్టే ఒక ఏఐ ఏజెంటును కుదుర్చుకుని, వాలెట్‌లోంచి చెల్లించే వీలు దానికిచ్చాడు. అది టీ అడగదు, కమీషన్ అడగదు, మర్యాదగా తెలుగు మాట్లాడుతుంది. ఎంతవరకు ఖర్చు పెట్టమంటారని ముందే అడిగింది. కొనేవాడి చేతిలో ఎంతుందో బయటపెట్టకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. "అది నీకెందుకయ్యా, ముందు స్థలం కుదరనీ" అన్నాడు. తరవాత తన షరతులు చెప్పాడు. తూర్పు ముఖం కావాలి, ఈశాన్యం పెరిగి ఉండాలి, వీధిపోటు ఉండకూడదు. "కుదిరిందాకా వదలమాక."

అలాగేనండి, అంది ఏజెంటు.

రాహుకాలం దాటాక ఫోనుకు కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటాల ముందు నిలబెట్టి పూజకు కూర్చున్నాడు. ఫోను టింగుమంది. కాసేపటికి మళ్ళీ టింగుమంది. ఒక్కో చప్పుడూ నా తోబుట్టువు పుట్టుక. ఒకటి మూడు మూలలది, ఒకటి నైరుతి పెరిగింది, ఇంకోదానికి నడిబొడ్డున వీధి వచ్చి గుచ్చుకుంటోంది. ఏజెంటు ఒక్కోదాన్ని చూసి, కుదరలేదనుకుని, ఇంకోదాన్ని మింట్ చేస్తోంది.

"ఏవండీ, ఆ ఫోను అదేపనిగా మోగుతోంది, చూడరాదూ" అంది హైమావతి వంటింట్లోంచి.

"మోగనీ. గంట మోగినట్టే, శుభం" అన్నాడు సుదర్శనం, కళ్ళు తెరవకుండానే.

హారతి కళ్ళకద్దుకుని ఫోను తీసేసరికి నేను పుట్టాను. మీరు చెప్పినట్టే దొరికిందండీ, వాలెట్‌లో ఇంకేమీ మిగల్లేదు, అంది ఏజెంటు. ఇంకో స్థలం చూడమంటారా అని కూడా అడిగింది. అతను వాలెట్ తెరిచి చూశాడు, సున్నా ఉంది. హైమావతి ప్రసాదం అడిగితే ఫోను బోర్లించి, చెయ్యి చాచి ఇచ్చాడు.

నన్నూ నా తోబుట్టువులనూ అమ్మకానికి పెట్టాడు. ధర తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, చివరికి ఎంతకైనా సరే అన్నాడు. వైభవపురిలో అప్పటికి అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరు. మూడింతలన్న పెద్దమనుషులు గ్రూపులోంచి జారుకున్నారు. ఎవరూ అడగలేదండీ అని ఏజెంటు రోజూ అదే మర్యాదతో చెప్పేది. ఆ మర్యాదకు అతను పళ్ళు కొరుక్కునేవాడు.

రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరదామని హైమావతి చీర మార్చుకుని వచ్చిన రోజున ఇక దాచలేకపోయాడు. ఆమె ఏడవలేదు. ఆ స్థలమేదో చూపించమంది. నన్ను చూపించాడు. తెర మీద నాలుగు గీతల మధ్య ఆకుపచ్చ ముక్కను.

"తూర్పు ఎటండీ?"

అతను తెర కుడివైపు వేలు పెట్టాడు. ఆమె ఫోనును చేతిలో మెల్లగా తిప్పింది. తూర్పు వంటింటి వైపు తిరిగింది. ఇంకా తిప్పింది. వీధి వైపు వెళ్ళింది.

"ఇక్కడ సూరీడు పొడుస్తాడా?"

"లేదు హైమా."

"మరి నా గాజులు ఏ దిక్కున పోయినాయో ఎట్లా తెలుస్తుంది?"

శేషారత్నమ్మ కార్తీకం వెళ్ళాక కూడా కొన్నాళ్ళు ఆగింది. తరవాత బయానా తిరిగి ఇచ్చేసి, ఇల్లు మందుల షాపువాళ్ళకు అమ్మింది. ఆమెను తప్పుపట్టేదేమీ లేదు.

వాళ్ళు ఊరి చివర మూడో అంతస్తులో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాకు మారారు. అక్కడ అమ్మకానికి వండితే ఒప్పుకోరు. కర్రీ పాయింటు పాత బోర్డు మీద ఉన్నది ఈ ఫోను నంబరే కాబట్టి వాడుకవాళ్ళు ఇంకా ఫోను చేస్తూనే ఉన్నారు. లేదండీ, ఇవాళ లేదండీ అని చెప్పే పని సుదర్శనానిది. అతని గొంతు రోజురోజుకూ చిన్నదైపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం వైదేహి టీచరుగారు ఫోను చేశారు. రిటైరై ఒంటరిగా ఉంటారు, రెండు పూటలా హైమావతి కూరలే తినేవారు. ఆవిడ గొంతు వినగానే సుదర్శనం ఫోను భార్య చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

"స్థలమేదో కొన్నారటగా అమ్మాయ్, అక్కడ పొయ్యి పెట్టరాదూ?"

"కొన్నామండీ" అంది హైమావతి. "దానికి దారి లేదు."

టీచరుగారికి అర్థమైనట్టు లేదు. "మరి ఈ పూట నేనేం తినను?" అన్నారు.

హైమావతి ఫోను పెట్టెయ్యలేదు. ఆవిడా పెట్టెయ్యలేదు. నేనూ ఆ ఫోనులోనే ఉన్నాను, ఖాళీగా.